గొర్రె మీద ఎర్ర గీత

బొమ్మల భాష నాకు బాగా తెలుసని చాలాకాలం నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి కూడా. శంషాబాద్‌లో హైవే పక్కన నాకో చిన్న బోర్డుల దుకాణం ఉండేది. ఎయిర్‌పోర్ట్ తెరిచిన ఏడాది, ఇక ప్రపంచమంతా ఇటే దిగుతుంది, దిగినవాళ్ళకి దారి చూపించడానికి ఒకడుండాలి కదా అనుకుని, కూకట్‌పల్లిలో కాపురం ఎత్తేసి ఇక్కడికి వచ్చాను. ప్రపంచం దిగిన మాట నిజమే. దిగి, కార్లెక్కి, నా దుకాణం ముందునుంచే ఆగకుండా సిటీకి పోయింది. నాకు దాబాలూ, లాడ్జిలూ, పార్కింగ్ స్థలాలూ, ప్లాట్లమ్మే వెంచర్లూ మిగిలాయి.

అక్షరం రానివాడికి కూడా బొమ్మతో చెప్పడం నా పని. బాణం, చాయ్ కప్పు, మంచం, నీళ్ళ పంపు, ఆడ బొమ్మ, మగ బొమ్మ. గోదావరి జిల్లా నుంచి వచ్చి చిత్రకళ కాలేజీలో రెండేళ్ళు చదివి మానేసినవాణ్ణి. చదివిన సంగతి అందరికీ చెప్పేవాణ్ణి, మానేసిన సంగతి మాత్రం మా ఆవిడకి ఒక్కదానికే తెలుసు.

నా విద్య ఎలాంటిదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఒక పార్కింగ్ యజమాని ఆడవాళ్ళ బాత్రూమ్‌కి బొమ్మ అడిగాడు. గౌను వేసుకున్న బొమ్మ మనదేంటి అని నేను అభిమానపడి, తలవంచి, పొడవాటి జడ ముందుకు వేసుకుని, చేత్తో చెంబు పట్టుకున్న స్త్రీమూర్తిని గీశాను. చాలా బాగా వచ్చింది. నాలుగో రోజు యజమాని ఫోన్ చేశాడు. “సార్, బొమ్మ మస్తుగున్నది గానీ, ఎవలో బొట్టు వెట్టి కొబ్బరికాయ గొట్టిన్రు. ఆడోళ్ళు లోపలికి పోతలేరు. జర మామూలుది పెట్టుండ్రి” అన్నాడు. గౌను బొమ్మే పెట్టి వచ్చాను. కళ అంటే ఏమిటో ఈ జనానికి ఎప్పటికి తెలుస్తుందని దారంతా సణుక్కున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళకి, ఒక ఎండాకాలం, కొత్తూరు వైపు ఒక వెంచర్‌వాళ్ళు హోర్డింగు పెట్టాలంటే స్థలం చూడ్డానికి వెళ్ళాను. రోడ్డుకి కనిపించేలా ఒక రాళ్ళ గుట్ట ఉంది. ఎక్కాను. సగం ఎక్కేసరికి ఎండకి కళ్ళు బైర్లు కమ్మి, ముందుకి వాలి ఉన్న ఒక పెద్ద రాతిగుండు కిందకి దూరాను. పది మంచాలు వేసుకోవచ్చు, అంత నీడ. నీళ్ళు తాగి తలెత్తి చూస్తే గోడలాంటి రాతి మీద ఎర్రటి బొమ్మలున్నాయి.

వృత్తంలో చుక్క. పక్కన ఇంకో వృత్తం, దాని బయట రెండు గీతలు. మూడు నిలువు గీతలు, నిచ్చెనలాంటి గుర్తు, నెలవంక. వాటి చుట్టూ చేతి ముద్రలు, పెద్దవీ చిన్నవీ, ఇరవైకి పైనే. కాలేజీలో ఆదిమానవుల గుహల గురించి చెప్పిన ఆ ఒక్క పాఠం నాకు బాగా గుర్తుంది. అది మొదటి ఏడాదిది. వేల ఏళ్ళ క్రితం నా వృత్తి చేసినవాడు ఒకడు ఇక్కడే నిలబడి ఈ బోర్డు రాశాడు, చదవగలిగినవాడు ఇవాళ వచ్చాడు అనుకున్నాను. ఆ సంబరంలో నా కాళ్ళు చీలమండల దాకా గొర్రె పెంటికల్లో ఉన్నాయన్న సంగతి గమనించాను గానీ, దాన్ని సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోలేదు.

మూడు వారాలు పనులు మానేసి నోట్సు రాశాను. చుక్క ఉన్న వృత్తం సూర్యారాధన. మూడు గీతలు వాన. నిచ్చెన, చనిపోయినవాళ్ళు పైకి వెళ్ళే దారి. చేతి ముద్రల్లో అన్నిటికన్నా చిన్నదాని కింద ‘బాల పూజారిణి’ అని రాసి రెండు గీతలు గీశాను. ఫోన్లో ఫోటోలు మా ఆవిడకి చూపిస్తే ఆమె వేలితో పెద్దది చేసి చూసింది.

“చుట్టూ నూనె మరకలా ఉందేంటండీ?”

“అప్పట్లో రంగులో జంతువుల కొవ్వు కలిపేవారు” అన్నాను.

“ఇన్ని వేల ఏళ్ళయినా జిడ్డు వదల్లేదా? మన వంటింటి గోడే నయం” అని గిన్నెలు తోముకోడానికి వెళ్ళిపోయింది. పరిశోధకులకి ఇంట్లో మద్దతు ఉండదని సరిపెట్టుకున్నాను.

నాకు తెలిసిన ఒక విలేకరి ఉన్నాడు, రాజేంద్రనగర్‌లో ఉంటాడు, ఈ చుట్టుపక్కల వార్తలు రాస్తాడు. అతన్ని తీసుకెళ్ళి చూపించాను. జిల్లా పేజీలో నా ఫోటోతో సహా వార్త వచ్చింది. అయిదు వేల ఏళ్ళ నాటివని నేను చెప్పినట్టు రాశాడు. నిజమే, చెప్పాను. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగకండి. మూడంటే తక్కువగా, పదంటే గొప్పలు పోయినట్టుగా అనిపించింది.

ఆ గుట్ట ఉన్న ఊరి సర్పంచి మర్నాడే నా దుకాణానికి వచ్చాడు. ఉత్సాహవంతుడు, చెడ్డవాడు కాదు. గుండు చుట్టూ ముళ్ళ తీగ వేయిస్తానన్నాడు, గేటు పెట్టిస్తానన్నాడు. “ఎయిర్‌పోర్ట్ల దిగే ఫారినోళ్ళు సక్కగ మా ఊరికే రావాలె సార్. గా బోర్డు మాత్రం మీ చేతుల మీదనే కావాలె” అన్నాడు. గొర్రెలు లోపలికి పోయి గోడకి రుద్దుకుంటున్నాయి, వాటికి బొమ్మ పెట్టాలని కూడా అన్నాడు.

పెట్టాను. తెల్లటి రేకు మీద నల్ల గొర్రె, చుట్టూ ఎర్ర వలయం, గొర్రె మీదుగా అడ్డంగా ఎర్ర గీత. ఈసారి కళ జోలికి పోలేదు. గేటుకి బిగించి, దూరంగా నిలబడి చూసుకుని, ఎవరికైనా అర్థం కావాల్సిందే అనుకున్నాను.

అర్థమైంది. తొలకరి పడ్డ వారానికి, ఒక పొద్దున్నే నా దుకాణం ముందు ఒకావిడ వచ్చి నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి. తల మీద తడిసిన గొంగడి, చేతిలో కర్ర. వెంట తెచ్చుకున్న గొర్రెని కరెంటు స్తంభానికి కట్టింది.

“ఏం సారూ, గుట్ట కాడ గా బొమ్మ నువ్వే ఏసినవా?”

నేను మురిసిపోయి, “నేనేనమ్మా” అన్నాను.

“మంచిగ సమజయ్యేటట్టే ఏసినవ్. నాకు సదువు రాదు. గా బొమ్మ జూసినంక కాళ్ళు ముంగటికి వడలే. ఇగ నా గొర్రెలు యాడ పండాలె, నువ్వే జెప్పు.”

ఆమె ఆగలేదు. “బీళ్ళన్నీ ప్లాట్లాయె. వానకాలం సుక్క వడని జాగ గా గుండు కింద ఒక్కటే. వారం సంది బైటనే తడుస్తున్నయ్. నిన్న రెండు పిల్లలు సచ్చినయ్. ఇంక నాలుగు గొర్రెలు ఈనెతందుకు ఉన్నయ్. సర్పంచ్ కాడికి పోతే, బొమ్మల సంగతి తెల్సిన సారు జెప్పిండు, నీకేం ఎర్క అంటుండు.”

“అమ్మా, అవి వేల ఏళ్ళ నాటి బొమ్మలు. ఆదిమానవులు వేసినవి. కాపాడుకోవాలి కదా” అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

“ఎవలు ఏసిన్రు?”

“ఆదిమానవులు.”

“గాళ్ళెవలు? మా మామ ఏసిండు” అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. ఆమె నాతో వాదించలేదు. కర్ర ఎత్తి స్తంభం దగ్గర గొర్రెని చూపించింది. దాని వీపు మీద, తడిసినా చెదరకుండా, నా సూర్యుడు ఉన్నాడు. ఎర్రటి వృత్తం, మధ్యలో చుక్క.

దుకాణం మూసి ఆమె వెంట గుట్ట ఎక్కాను. తీగ వంచి లోపలికి దూరాం. దూరేటప్పుడు నా చొక్కా చిరిగింది, మంచిపనే అయింది అనుకున్నాను. ఆమె ఆ రాయి ముందు నిలబడి, పిల్లకి పలక మీద చూపించినట్టు ఒక్కొక్కటే చెప్పింది. గొర్రెలకి వేసే గుర్తులవి. ఎర్రమన్నులో ఆముదం కలిపి వేస్తారు, వానకి పోకుండా. వానాకాలం నాలుగిళ్ళ మందలూ ఈ గుండు కిందే కలిసి పడుకుంటాయి. పొద్దున ఎవరివి వాళ్ళు ఏరుకునేటప్పుడు కొట్లాట రాకుండా ఎవరి గుర్తు ఏదో అందరి ఎదుటా రాతి మీద వేసి ఉంచుతారు.

“మా మామది ఉత్త గుండ్రం. అన్నదమ్ములు ఏరువడ్డంక మా ఆయన నడుమ సుక్క వెట్టుకుండు. మా మరిది బైట రెండు గీతలు వెట్టుకుండు.”

“మరి ఈ నిచ్చెన?”

“గాయిన ఇల్లరికం వచ్చిండు. అత్తోరి గీతలు, ఇంటోళ్ళ గీతలు కలిపిండు.”

చనిపోయినవాళ్ళు పైకి వెళ్ళే దారి అని రాసుకున్న నోట్సు నా సంచీలోనే ఉంది. దాన్ని బయటికి తీయలేదు. “చేతులో?” అన్నాను నీరసంగా.

“రంగేసినంక చేతులు యాడ తుడవాలె సారూ? చీరకు తుడుసుకుంటమా?”

తర్వాత ఆమె కొంచెం సిగ్గుపడుతూ అన్నిటికన్నా చిన్న ముద్ర చూపించింది. “గిది నాది. పెండ్లయి వచ్చిన ఏడు, మొదటిసారి గుర్తులేసినప్పుడు.” పగుళ్ళు పట్టిన తన పెద్ద చెయ్యి దాని మీద పెట్టింది. ఆ చిన్నపిల్ల ముద్ర దాని కింద పూర్తిగా కనబడకుండా పోయింది. నా బాల పూజారిణికి రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి, నా మూలంగా. నాకు చాలా సిగ్గేసింది. అంతకన్నా, భయమేసింది. ఇంకా నాలుగు ఈనాలి.

అక్కణ్ణుంచి తిన్నగా సర్పంచి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. “అట్లంటరేంది సార్? పేపర్ల వచ్చె. ఆదివారం గేటు ఓపెనింగ్ వెట్టిన, షామియానా జెప్పిన, మీకు శాలువ తెచ్చిన. గామెకేం ఎర్క? మీరు కాలేజీల బొమ్మలు సదివినోళ్ళు.”

“రెండేళ్ళే చదివానండీ. మానేశాను” అన్నాను. పాతికేళ్ళలో ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి. ఆయన అది వినయం అనుకున్నాడు. ఆదివారం అయినంక మాట్లాడుదామని చాయ్ ఇచ్చి పంపించాడు.

ఈనబోయే నాలుగు గొర్రెల్నీ నా దుకాణంలో పెట్టించాను. మిగతా మంద బయట తడుస్తూనే ఉంది, వానని నేను ఆపలేను కదా. ఆదివారం లోపు ఉన్న ఆ నాలుగు రోజుల్లో అవి నా స్టిక్కర్ కాగితాలు నమిలాయి, ఒక లాడ్జి బోర్డు మీద పడుకున్నాయి. వాటిలో ఒకటి శుక్రవారం మధ్యాహ్నం ‘పార్కింగ్’ అని రాసిన రేకు చాటున ఈనింది. మా ఆవిడ తువాలు తెచ్చి పిల్లని తుడుస్తూ, “ఆదివారం మైకులో చెప్పేస్తారు కదూ?” అని అడిగింది. చెబుతానన్నాను. నా మొహం చూసి, “చెప్పకపోతే నేను చెబుతాను” అంది. నన్నెరిగిన మనిషి.

ఆదివారం గుట్ట కింద షామియానా, కుర్చీలు, ఊరి జనం. మాట్లాడకముందే శాలువా కప్పేశారు. ఆ శాలువాతో మైకు ముందు నిలబడ్డాను. విలేకరి కెమెరా పట్టుకుని ఎదురుగా ఉన్నాడు. ఆ క్షణంలో నా బుర్ర ఎన్ని దారులు వెతికిందో చెబితే నవ్వుతారు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి అంటే పోలా? ఆదిమానవుల సంప్రదాయమే గొర్రెల కాపరులు కొనసాగిస్తున్నారంటే పరువు దక్కదా? అలాంటి వాక్యం ఒకటి నోటిదాకా వచ్చింది కూడా. వెనక వరసలో ఆమె గొంగడి కప్పుకుని నిలబడి ఉంది. వాన సన్నగా మొదలైంది.

“ఇవి అయిదు వేల ఏళ్ళ నాటివని నేనే చెప్పాను. తప్పు చెప్పాను. నాకు తెలీదు. ఇవి ఈ ఊరి గొర్రెల గుర్తులు. దయచేసి తీగ తీయించండి, గొర్రెలు తడుస్తున్నాయి” అన్నాను.

ఒక ముసలాయన కర్ర పట్టుకుని లేచి, “నేను ముందుగాలనే అన్న గద” అంటూ గుండు దాకా ఎక్కాడు. కర్రతో ఒక్కో గుర్తూ చూపిస్తూ ఎవరిదో, ఎవరు ఎవరి నుంచి ఎప్పుడు వేరుపడ్డారో, ఎవరి వంశం ఆగిపోయిందో ఆగకుండా చదివేశాడు. నేను మూడు వారాలు కూచుని ఒక్క ముక్క చదవలేనిదాన్ని ఆయన చాయ్ చల్లారేలోపు పూర్తిచేశాడు. నెలవంక ఎవరిదన్న దగ్గర ఇద్దరు అన్నదమ్ములు తగువు పడ్డారు. జనం నవ్వడం మొదలుపెట్టారు, మొదట వాళ్ళని చూసి, తర్వాత నన్ను చూసి. పిల్లలు నన్ను చూపించి “ఆదిమానవుడు” అని అరిచారు. ఆ పేరు నాకు స్థిరపడిపోయింది, ఇప్పటికీ ఆ ఊళ్ళో అలాగే పిలుస్తారు.

సర్పంచి నా మొహం చూడలేదు. “గా బోర్డు మీరే పీక్కపోండ్రి సార్” అన్నాడు. గేటెక్కి, శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా బోల్టులు నేనే విప్పుకున్నాను. శాలువా తిరిగి ఇవ్వాలో వద్దో అప్పుడూ తెలీలేదు, ఇప్పుడూ తెలీదు. సాయంత్రానికి తీగ ఊడదీసి చుట్టేశారు. మంద లోపలికి పోయింది.

నెల తర్వాత ఆమె మళ్ళీ దుకాణానికి వచ్చి, జర గుట్ట కాడికి రమ్మంది. గుండు కింద, గొర్రెల మధ్యనుంచి నన్ను వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ రాయి కిందికి వంగి నేలని తాకుతున్నట్టు ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు అటు చూశాను గానీ, దూరాలంటే పాకాలి, నా పొట్టకి పాకడం చేతకాదని వదిలేశాను. అంటే, నా పరిశోధన నడుం వంగకుండా ఎంతవరకు పోతుందో అంతవరకే పోయింది. ఈసారి పాకాను. లోపల కూచునేంత ఎత్తు ఉంది. ఫోన్ లైటు పైకి తిప్పాను.

ఎద్దు. మూపురం ఉంది, కొమ్ములు చాలా పొడుగ్గా వెనక్కి వంగి ఉన్నాయి. రంగు రాతిలోకి ఇంకిపోయి, పైన గాజులాంటి పొర కట్టింది. మూపురం నుంచి తోక దాకా ఒకే గీత, ఎక్కడా చెయ్యి ఎత్తలేదు. దాని ముందు వేలెడంత మనిషి, చేతులు చాచి. పట్టుకోడానికో, పిలవడానికో. నాకు ఏడుపొచ్చింది. ఎవరు ఎవరికి చెప్పారో తెలీదు, ఏం చెప్పారో తెలీదు, దాని కింద రాయడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ఆ గీత అంత బాగా గీయడం నాకు ఎప్పటికీ రాదని మాత్రం అర్థమైంది. ఆ సంగతి తెలిసినందుకు ఎందుకో హాయిగా ఉంది.

“గిది మాది గాదు” అంది ఆమె బయటినుంచి. “మా మామది గాదు, ఆయన తాతది గాదు. రంగు చేతులతోని లోపలికి పోవద్దని మా అత్త జెప్పింది. మేం ముట్టం.”

“ఆ రోజు అందరిముందూ చెప్పలేదేమమ్మా?”

“జెప్తే తీగ ఇప్పుతురా?”

“మరి నాకెందుకు చూపించావు?”

“అందరు నిన్ను నవ్విరి. పాపం అనిపిచ్చింది” అంది. పాక్కుంటూ బయటికి వచ్చాక నా చొక్కాకి అంటిన పేడ దులుపుతూ, “గిది గూడ రాస్తవా సారూ?” అని అడిగింది. రాయనమ్మా అన్నాను.

ఒక ఫోటో మాత్రం తీశాను. మూడు రోజులు ఉంచుకుని చెరిపేశాను. త్యాగం అనుకోకండి. ఉంటే ఎవరికో ఒకరికి చూపించి తీరతానని నా సంగతి నాకు తెలుసు. అలా దాచిపెట్టడం తప్పేమో. తెలిసినవాళ్ళు వచ్చి చూడవలసిన బొమ్మే అది, వాళ్ళు తిడితే పడతాను. ఇప్పుడు రాస్తున్నానంటే గుట్ట పేరు రాయలేదు గనక, శంషాబాద్ చుట్టూ అలాంటి గుట్టలు బోలెడు ఉన్నాయి గనక.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు, వానలు పడుతున్న రోజుల్లో, ఆ విలేకరి ఫోన్ చేశాడు. అప్పటికి పెద్ద పత్రికలో చేరాడు. నామీద కోపం పోలేదు. “మీ మాట నమ్మి నేనూ నవ్వులపాలయ్యాను సార్. నాలుగేళ్ళయినా మా ఆఫీసులో ఆ జోకే. ఆ గుట్ట మీద నిజంగా పాతది ఒక్కటి దొరికినా నాకు చెప్పండి. మీ పేరు పైన పెట్టి, మొదటి పేజీలో వేయిస్తాను. ఇద్దరి పరువూ నిలబడుతుంది” అన్నాడు.

దుకాణం బయట వాన జోరుగా కురుస్తోంది. ఆ మూపురం గీత కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. అంతగా చెప్పాలనిపించిన మాట నాకు జీవితంలో ఇంకోటి లేదు.

“అక్కడ గొర్రెలు తప్ప ఏమీ లేవండీ” అన్నాను.